మెట్ట నేలకు కుదిరిన బెంగుళూరా

తినే మామిడి పండ్ల పోటీలో బెంగుళూరాకి ఎప్పుడూ వెనక వరసే. పక్కన బేనీషా (బంగినపల్లి) ఉంటే బెంగుళూరా మొహం చూసేవాళ్ళుండరు. రసాలు పిండుకు తాగే కోస్తా వాళ్ళయితే దాన్ని పండు కిందే లెక్కెయ్యరు. వాళ్ళకది కలెక్టరు కాయ, వ్యాపారుల చిట్టాలో తోతాపురి. ఏ పేరుతో పిలిచినా తీపి ఓ మోస్తరే, పులుపు మాత్రం పండినా పూర్తిగా వదలదు. అయినా చిత్తూరు జిల్లా మామిడి తోటల్లో సింహభాగం దానిదే. బంగారుపాళ్యం నుంచి పూతలపట్టు మీదుగా పాకాల దాకా వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా కనిపించేది ఎక్కువగా ఆ చెట్టే.

గుజ్జు ఫ్యాక్టరీలు అడుగుతున్నాయి కాబట్టి రైతులు వేస్తున్నారన్నది సగం జవాబు. మిగతా సగం చెట్టు స్వభావంలోనే ఉంది.

రాయలసీమకి దక్షిణపు కొస ఇది. నైరుతి వాన ఇక్కడ ఉన్నా లేనట్టే ఉంటుంది కొన్నేళ్ళు. గట్టి వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచినప్పుడు. ఎర్ర నేల, గులకరాళ్ళు, లోతుకు పోయిన బోర్లు. ఒకప్పుడు ఇదంతా వేరుశెనగ భూమి. వాన ముఖం చాటేసిన ఏళ్ళల్లో చేసిన అప్పు కూడా తీరక, చాలామంది అదే మెట్టలో మామిడి మొక్క పెట్టారు. మొదటి నాలుగైదేళ్ళు వరసల మధ్య వేరుశెనగ, ఉలవ వేసుకుంటూ చెట్టు ఎదిగే దాకా నెట్టుకొచ్చారు.

ప్రతి పండు చెట్టుకీ తన వాతావరణం లెక్క ఒకటి ఉంటుంది. హిమాచల్‌లో తరాలుగా పండిస్తున్న ఆపిల్ రకాలకి చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా తగలాలి. అది దక్కకపోతే మొగ్గ సరిగా విచ్చుకోదు. అందుకే మదనపల్లె పక్కన నాలుగు వేల అడుగుల ఎత్తున్న హార్సిలీ హిల్స్ మీద కూడా వాటికి బతుకు లేదు. మామిడికి అంత చలి అక్కర్లేదు గానీ, దానికీ ఒక విరామం కావాలి. వానలు ఆగాలి, నేల ఆరాలి, డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడాలి. అప్పుడే కొమ్మ చివర పూత కడుతుంది. ఆ సమయంలో తుఫాను వచ్చి తోట తడిసిందా, పూత రావాల్సిన చోట ఎర్రటి ఇగురు వస్తుంది. ఏడాది కాపు ఆకుల పాలే. తెలిసిన రైతు ఆ రెండు నెలలూ చెట్టుకి నీళ్ళు పెట్టడు, బోరులో నీళ్ళున్నా సరే.

బేనీషా రుచికి రాజే. కానీ ఒక ఏడు విరగకాసి మరుసటేడు మొండికేస్తుంది. బెంగుళూరాకి ఆ పేచీ తక్కువ. ఏటా ఎంతో కొంత కాస్తుంది, కాసినప్పుడు గుత్తులుగా కాస్తుంది. కాయ అరకిలో తూగుతుంది. తోలు మందం కాబట్టి లారీలో నలగదు. టెంక పలచన, కండ ఎక్కువ. బేనీషా అయిపోయాక జూన్, జులైల్లో కోతకొస్తుంది. మెట్ట రైతుకి ఏటా నాలుగు డబ్బులు చేతికందడం కన్నా పెద్ద గుణం ఏముంటుంది?

ఈ గుణాలన్నీ చెక్కుచెదరకుండా ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి చేరేది టెంకతో కాదు. మన మామిడి రకాల్లో చాలావాటికి టెంకలో ఒకటే పిండం ఉంటుంది, అదీ పరాగ సంపర్కంతో పుట్టింది. టెంక నాటితే తల్లి లాంటి చెట్టు వస్తుందన్న నమ్మకం లేదు. అంటు కట్టాల్సిందే. ఈరోజు తోటల్లో ఉన్న ప్రతి బెంగుళూరా చెట్టూ ఎప్పుడో ఎక్కడో మొలిచిన ఒక మొదటి చెట్టు కొమ్మకి కొనసాగింపే.

పాత పద్ధతిలో నాటు మొక్కని కుండీతో సహా తల్లి చెట్టు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. కొమ్మ పైనుంటే పందిరి లాంటిది కట్టి కుండీని దాని మీదికి ఎత్తేవాళ్ళు. మొక్క కాండాన్నీ, కొమ్మనీ ఒక పక్క చెక్కి, చెక్కిన రెండు ముఖాలూ కలిపి అరటి నారతో బిగించి, పైన మట్టీ పేడా మెత్తేవాళ్ళు. రెండు మూడు నెలలు రోజూ కుండీకి నీళ్ళు పోయాలి. అతుకు కుదిరాక కొమ్మని అతుకు కింద, మొక్కని అతుకు పైన కొంచెం కొంచెంగా కోసి విడదీయాలి. అంటు దాదాపుగా తప్పకుండా బతుకుతుంది. కానీ ఒక చెట్టు మీద ఎన్ని కుండీలు కడతారు?

ఇప్పుడు నర్సరీల్లో చేసేది టెంక అంటు. గుజ్జు ఫ్యాక్టరీలు వదిలేసిన టెంకల్ని జూన్, జులైల్లో ఇసుకలో పోస్తారు. మొలక లేచి పది, పదిహేను రోజులై, కాండం ఇంకా రాగి రంగులో లేతగా ఉన్నప్పుడే పని జరగాలి. అంటుకి కావాల్సిన పుల్లని వారం, పది రోజుల ముందే తల్లి చెట్టు మీద గుర్తుపెట్టుకుని ఆకులు తుంచి, కాడలు మాత్రం ఉంచుతారు. కొస మొగ్గ ఉబ్బి పగలబోయే ముందు కోస్తారు. మొలకని టెంకకి రెండంగుళాల పైన అడ్డంగా నరికి, నడిమధ్య అంగుళంన్నర లోతు చీలుస్తారు. పుల్ల మొదలుని రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దించుతారు. ఇక్కడే పనితనం తెలిసేది. పుల్ల, మొలక ఒకే లావుంటే సరే. లేకపోతే కనీసం ఒక పక్కనైనా తోలుకి తోలు ఆనాలి. తోలు కిందుండే పచ్చటి పొరలు రెండూ కలిస్తేనే అతుకు. కత్తి ఒక్క గీతలో దిగాలి, రెండోసారి చెక్కితే ముఖం గరుకవుతుంది. ఆ పైన పాలిథీన్ పట్టీ చుట్టి, కొసకి చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడుగుతారు. గాలిలో తేమ ఉన్న నెలలు కాబట్టి పుల్ల ఎండదు. మూడు వారాల్లో ఇగురు కనిపిస్తే తొడుగు తీసేస్తారు.

ఇంకో పద్ధతి ఉంది, మెట్టకి అదే మేలని నా అభిప్రాయం. గుంతలోనే టెంక నాటి, మొక్క నిలదొక్కుకున్నాక అక్కడే అంటు కట్టడం. సంచిలో పెరిగిన మొక్కకి తల్లివేరు అడుగున చుట్టుకుంటుంది లేదా నాటేటప్పుడు తెగుతుంది. గుంతలో మొలిచిన దానికి వేరు తిన్నగా లోతుకి పోతుంది. ఓపిక కావాలి, అంటు కట్టేవాణ్ణి పొలానికి పిలిపించుకోవాలి. అందుకే ఎక్కువమంది సంచి మొక్కే కొంటారు.

కాయ ఫ్యాక్టరీకి చేరాక మాగబెట్టి, కడిగి, తోలూ టెంకా తీసి, గుజ్జుని వేడిచేసి, సూక్ష్మజీవులు లేని సంచుల్లో నింపి, 215 కిలోల చొప్పున డ్రమ్ముల్లో మూస్తారు. తోతాపురి గుజ్జుకి తీపి 14 బ్రిక్స్ ఉన్నా సరిపెట్టుకుంటారు, ఆల్ఫాన్సోకి 16 అడుగుతారు. సీసాల్లో మనం తాగే మామిడి పానీయాల్లో చాలా వాటికి ఈ పుల్లటి గుజ్జే ఆధారం. పులుపుంది కాబట్టి చక్కెర కలిపినా రుచి నిలుస్తుంది.

చిక్కంతా ఆ డ్రమ్ములతోనే. అందులో గుజ్జు ఏడాది దాటినా చెడదు. నిరుటి సరుకు అమ్ముడుపోకపోతే ఈ ఏటి కాయ కొనే తొందర ఎవరికీ ఉండదు. 2025 జూన్‌లో అదే జరిగింది. బాగా కాసిన ఏడే ధర పడిపోయింది. కిలోకి 12 రూపాయలు దక్కేలా, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 తాను ఇచ్చేలా రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాల్సి వచ్చింది. పొరుగు రాష్ట్రం కాయ జిల్లాలోకి రాకుండా ఆంక్షలు పెట్టారు. వాటిని ఎత్తెయ్యమని కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబుకి ఉత్తరం రాశారు. కిలో 12 అంటే కాయకి ఆరు రూపాయలు. అదే పచ్చికాయని ముక్కలు తరిగి ఉప్పూ కారం చల్లితే అలిపిరి దగ్గర ఎంత పలుకుతుందో కొనేవాళ్ళకి తెలుసు. అసలు బెంగుళూరాని తినాల్సింది అలాగే. దాన్ని పండు చేసి బేనీషాతో పోల్చడమే దానికి చేసిన అన్యాయం.

ధర పడిపోవడంలో తప్పు చెట్టుది కాదు, తోటంతా ఒకే రకంతో నింపడానిది. దామలచెరువు మండీకి వెళ్తే ఈ నేల ఇంకా ఏమేం పండిస్తుందో తెలుస్తుంది: ఖాదర్, కాలేపాడు, పులిరా, మల్గూబా, నీలం. నీలం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చిన్న కాయ, ఆలస్యంగా వస్తుంది, ఏటా కాస్తుంది. ఆ స్వభావం కోసమే కోడూరు పరిశోధకులు దాన్ని బేనీషాతో కలిపి నీలీషాన్, హిమాయుద్దీన్‌తో కలిపి నీలుద్దీన్ తీశారు. ఢిల్లీలో దశేరితో కలిపితే మల్లిక పుట్టింది.

రకం మార్చాలంటే చెట్టు కొట్టెయ్యక్కర్లేదు. కాపు అయ్యాక మొద్దుని నడుమెత్తున కోసి, కోతకి బోర్డో పేస్టు పూస్తే చుట్టూ ఇగుళ్ళు లేస్తాయి. వాటిలో బలమైనవి నాలుగైదు ఉంచి, పెన్సిలు లావయ్యాక కొత్త రకం పుల్ల కట్టాలి. వేరు పాతదే కాబట్టి మూడో ఏటికి కాపు మొదలవుతుంది. తోటంతా ఒక్కసారే కోయకుండా వరస విడిచి వరస చేసుకుంటే రాబడి పూర్తిగా ఆగదు. పైగా మామిడిలో చాలా రకాలకి వేరే రకం పుప్పొడి తగిలితేనే పిందె బాగా నిలుస్తుంది. బెంగుళూరా వరసల మధ్య నాలుగు నీలం చెట్లున్నా రెండింటికీ లాభమే.