మంట పెట్టే రాత్రి

కష్టాలే మనిషికి పాఠాలు నేర్పుతాయని తేలిగ్గా అంటుంటారు. దేవరకొండ చెలకల్లో పెరిగిన నేను ఆ మాటను సగమే ఒప్పుకుంటాను. దగ్గరికెళ్లి పరిశీలించినవాళ్లకే కష్టం ఏమైనా నేర్పుతుంది.

ఎర్ర గొంగళి పురుగునే తీసుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్రనేలలు ఆముదానికి పేరుపడ్డవి. తొలకరికి మొలిచిన ఆముదం నాలుగాకులు వేసిందో లేదో ఈ పురుగు దండుగా వచ్చి చేనుకు చేను ఊడ్చేసేది. దాని ఒళ్లంతా వెంట్రుకలే కాబట్టి ఎదిగిన పురుగుకు మందు సరిగా అంటదు. అప్పుచేసి తెచ్చిన మందు పోయేది, మళ్లీ విత్తనం పెట్టాల్సి వచ్చేది.

దాని బతుకు తెలిశాకే దారి దొరికింది. గట్ల కింద, చెట్ల మొదట్లో, మట్టిలో కోశంగా నెలల తరబడి పడి ఉంటుంది. మంచి వాన పడి నేల తడవగానే రెక్కల పురుగులై ఒక్కసారిగా పైకొచ్చి, రాత్రిపూట వెలుతురుకు మూగుతాయి. గట్ల మీద మంటలు పెడితే గుడ్లు పెట్టకముందే చాలావరకు వాటిలో పడి చస్తాయి. తప్పించుకున్నవాటి పిల్లలు చేను దాటకుండా చుట్టూ కందకం తీసి జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు పరుస్తారు. తినడానికి అక్కడ ఆగిన పురుగును అక్కడే చంపుతారు. వేసవిలో లోతు దుక్కి దున్నితే కోశాలు ఎండకు, పిట్టలకు దొరుకుతాయి. 1980ల చివర్లో తెలంగాణ ఆముదం ఊళ్లలో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు రైతులతో కలిసి ఈ పద్ధతులను నిలబెట్టారు. పురుగుమందుల్లేని సాగుకు మన దగ్గర పడ్డ తొలి అడుగుల్లో అదొకటి.

నన్ను మార్చింది మాత్రం ఇంకో సంగతి. ఒక్కడు పెట్టిన మంటతో పని జరగదు, పక్క చేలోంచి పురుగు నడిచి వస్తుంది. అందుకే వాన పడ్డ రాత్రి గట్టు తగాదా ఉన్న దాయాదిని కూడా "అన్నా, నీ దిక్కు మంట ఆరింది" అని కేకేసి పిలవాల్సి వచ్చింది. పౌరుషమని నేను పెంచుకున్నదంతా ఆ కేకతోనే కొంత సడలింది.

అన్ని కష్టాల్లోనూ ఇలా అర్థం వెతకడం అన్యాయం. మా దిక్కు బోరునీళ్ల ఫ్లోరైడ్‌కు నడుములు వంగిపోయినవాళ్లకు కావలసింది కృష్ణా నీళ్లు, ఓపిక మీద ఉపన్యాసం కాదు. ఆ నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో జనం గుంపులుగా నామినేషన్లు వేస్తే, నల్లగొండలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. బాధను మౌనంగా మోయడం కంటే ఆ పనినే నేను గొప్పదంటాను.

ఇప్పుడు మా చుట్టూ ఆముదం తగ్గి పత్తి పెరిగింది. పత్తికి పట్టే గులాబీ రంగు పురుగూ ఎర్ర గొంగళి లాంటిదే, ఒక్కడి వల్ల ఆగదు. నీళ్లున్నాయని ఒకరు పంటను ఎండాకాలం దాకా సాగదీస్తే, అది అక్కడే బతికి మరుసటేడు అందరి చేల మీదా పడుతుంది. ఈసారి సంక్రాంతిలోపే పత్తికట్టె పీకేద్దామని పక్క చేలవాళ్లను అడుగుతున్నాను. ఇద్దరు సరేనన్నారు. మిగతావాళ్ల ఇళ్లకు ఈ వారం వెళ్లాలి.