ఆగిపోయిన పనిముట్టు: ‘మ్యూజిక్ మెమోస్’ యాప్ ముగింపుపై ఒక విమర్శ

వీణ పాతబడినను మ్రోగును. తీగ తెగినచో తీగ మార్చుదురు. మెట్లు అరిగినచో మైనము కరగించి మరల అమర్చుదురు. కాని సెల్‌ఫోనులోని సంగీతపు పనిముట్టు అట్టిది కాదు. అది ఏమాత్రము చెడిపోకుండగనే ఒకనాడు ఆగిపోవును. దానిని బాగుచేయుటకు వాడుకరికి హక్కు లేదు, వీలు అంతకన్న లేదు.

హైదరాబాదునకు పడమట, కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆవరణకు చేరువలో నల్లగండ్ల ఉన్నది. పాత చెరువు, దాని పరిసరములలో లేచిన ఎత్తయిన భవనములు, వానినుండి ఉదయమున గచ్చిబౌలికి, నానక్‌రామ్‌గూడకు పోయి రాత్రి తిరిగివచ్చు ఉద్యోగులు: ఇది నేటి నల్లగండ్ల. అట్టి ఇంటిలో ఒక యువకుడు భోజనానంతరము గిటారు చేతబట్టినాడని అనుకొనవచ్చును. నాలుగుమారులు మీటగనే ఒక వరుస తోచినది. కాగితము వెదకి వ్రాసికొనులోపల అది జారిపోవును. తలలో మెదలిన వరుసకు ఆయుష్షు కొన్ని నిమిషములే. ఆ నిమిషములను పట్టుకొనుటకై యాపిల్ సంస్థ 2016 జనవరి 20న ఉచితముగ విడుదల చేసిన యాప్ ‘మ్యూజిక్ మెమోస్’. అదే సంవత్సరము మే నెలలో ఆ సంస్థ, మ్యాపుల తయారీ పనికై, నల్లగండ్లకు కొలది మైళ్ళ దూరమున నానక్‌రామ్‌గూడలో ఒక కార్యాలయమును కూడ తెరచినది. అయిదేండ్లు తిరిగి వచ్చుసరికి ఆ యాప్ కథ ముగిసినది. ఆ ముగింపునకు వాడుకరులు స్పందించిన తీరులో విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఆలోచింపదగిన విషయము చాల ఉన్నది.

అది చేసిన పని

తెరపై ఒక్క గుండ్రని గుర్తు. దానిని తాకినచో రికార్డు మొదలగును. తాకకున్నను, వాద్యము మ్రోగుట విని తానే మొదలుపెట్టి, ఆగగనే తానే ఆపు ఏర్పాటు కూడ ఉండెను. ధ్వనిని అది కుదింపకుండ, సెకనుకు 44,100 నమూనాలుగ, ఒక్కొక్క నమూనా 24 బిట్లుగ నిలువచేసెడిది. ఒక సెకనులో తీసికొనిన నమూనాలలో సగము వరకు గల పౌనఃపున్యములను మాత్రమే తిరిగి నిర్మింపవచ్చును. 44,100లో సగము 22,050. మానవుని చెవి వినగల ఎల్లయైన 20,000 హెర్ట్‌జ్‌లు అందులో ఇముడును. ఒక్క ధ్వనిమార్గమునకు లెక్కించినచో నిమిషమునకు సుమారు 79 లక్షల బైట్లు అగును. ఈ గుణకారమును తొమ్మిదవ తరగతి బాలుడు చేయగలడు.

ఇంతవరకు ఏ రికార్డరైనను చేయును. మ్యూజిక్ మెమోస్ ప్రత్యేకత అటుపైని పనిలో నుండెను. గిటారుపై గాని పియానోపై గాని వాయించిన దానిని విని, అందలి లయను లెక్కించి, ఏ ‘కార్డు’ (మూడు గాని అంతకెక్కువ గాని స్వరముల కలయిక) ఎచ్చట వచ్చినదో పేరు వ్రాసెడిది. కోరినచో ఆ లయకు సరిపడు డ్రమ్ములను, ఆ కార్డులకు సరిపడు క్రిందిస్థాయి బేస్ స్వరములను తానే జతచేసెడిది. ఒంటరిగ వాయించుకొను మనిషికి ఇద్దరు సహవాద్యగాండ్రు దొరికినట్లయ్యెను.

కార్డును గుర్తించుట తేలిక కాదు

ఈ పనిలోని చిక్కును ఒక ఉదాహరణతో గ్రహింపవచ్చును. గిటారు అయిదవ తీగ ప్రాథమిక పౌనఃపున్యము 110 హెర్ట్‌జ్‌లు. ఆ ఒక్క తీగను మీటినచో 110 మాత్రమే వినరాదు. 220, 330, 440, 550 అను అనుస్వరములు కూడ వెంటవచ్చును. 110ని షడ్జమముగ తీసికొనినచో 330 పైస్థాయి పంచమము. 550 ఆపై స్థాయిలోని అంతర గాంధారము. షడ్జమము, అంతర గాంధారము, పంచమము కలసినదే పాశ్చాత్యులు ‘మేజర్’ అను కార్డు. అనగా ఒక్క తీగలోనే మేజర్ కార్డు ఛాయ దాగియున్నది. ఇక వాద్యకాడు సాధారణ గాంధారమును చేర్చి ‘మైనర్’ కార్డును వాయించినప్పుడు, తీగకు సహజముగ పుట్టిన అంతర గాంధారమేదో, వ్రేలితో పుట్టించిన సాధారణ గాంధారమేదో యంత్రము వేరుచేసికొనవలెను. చెవి అభ్యాసముచే చేయు పనిని యాప్ బలముల పోలికతోను, లెక్కతోను చేయవలసియుండును.

మరియొక మెలిక కూడ కలదు. గిటారు మెట్లు స్థాయిని 12 సమభాగములుగ చేసినవి. ఆ లెక్కలో అదే స్థాయి అంతర గాంధారము 550 కాక 554.4 హెర్ట్‌జ్‌లు. రెండును కలసి మ్రోగినచో సెకనుకు నాలుగుకు పైగా విస్పందనములు పుట్టును. పాఠశాలలో రెండు శ్రుతిదండములతో చూపు ప్రయోగమే ఇంటిలోని గిటారులో ప్రతిదినము జరుగుచున్నది.

ఈ యాప్ గుర్తింపులో తప్పులు లేకపోలేదు. వానిని దిద్దుకొను వీలు వాడుకరికి ఇచ్చినారు. అంతకన్న ముఖ్యమైన కొరత వేరొకటి. దాని చెవి 12 మెట్లకును, కార్డులకును అలవాటుపడినది. కర్ణాటక సంగీతములో కార్డు లేదు; ఆధార శ్రుతిపై ఒక్క స్వరధారయే నడచును. తోడిరాగపు గాంధారము ఒకచోట నిలువక ఊగుచుండును; ఆ ఊపే దాని రూపము. అట్టి స్వరమునకు స్థిరమైన మెట్టు పేరు వ్రాయబూనిన యంత్రము నదిని కొలబద్దతో కొలచినట్లగును. కనుక తెలుగువారిలో ఈ యాప్ ఉపయోగము గిటారు, కీబోర్డులతో సినిమా బాణీలు కట్టుకొను వారికే గాని, వైణికునకు అంతగా లేదు. ఈ సంగతిని దాని అభిమానులు తరచు మరచినారు.

ముగింపు, స్పందన

2020 డిసెంబరులో యాపిల్ సంస్థ ఈ యాప్‌ను ఇక అభివృద్ధి చేయబోమని తెలిపినది. 1.0.7 చివరి రూపము. 2021 మార్చి 1 తరువాత కొత్తవారు దానిని దింపుకొను వీలులేదు. ఉన్నవారు ఐఓఎస్ 14 వరకు గల పరికరములపై వాడుకొనవచ్చును. నిలువచేసిన పాటలను ‘వాయిస్ మెమోస్’ అను మరియొక యాప్‌లోనికి తరలించుటకు మార్గము చూపినారు.

వాడుకరుల స్పందన స్థూలముగ మూడు విధములు. కొందరు ఇది అన్యాయమన్నారు. కొందరు, ఉచితముగ ఇచ్చినదానిని ఆపినచో అడుగుటకు హక్కేమున్నదన్నారు. మరికొందరు, వాయిస్ మెమోస్‌లో రికార్డు చేసి ‘గ్యారేజ్‌బ్యాండ్’లో దిద్దుకొనినచో అదే పని జరుగునని సమాధానపడినారు.

మొదటివారి బాధ నిజమే గాని వాదము సడలినది. ఫోను నడపు మూలవ్యవస్థ ఏటేట మారును. దానితోపాటు ప్రతి యాప్‌ను మరల సరిదిద్దవలెను. దానికి మనుషులు, జీతములు కావలెను. 2017 సెప్టెంబరులో ఐఓఎస్ 11 రాగా, 32 బిట్ల పద్ధతిలో వ్రాసిన యాప్‌లన్నియు ఒక్కమారుగ పనిచేయక పోయినవి; అందు సంగీతపు యాప్‌లును ఉన్నవి. మ్యూజిక్ మెమోస్ విషయములో రెండు నెలలకు పైగా వ్యవధి ఇచ్చి, దారి చూపి మూసినారు. ఇది మంచి ముగింపులలో చేరదగినదే.

రెండవవారి మాట వినుటకు న్యాయముగ తోచును గాని సరికాదు. యాప్ వెల సున్న కావచ్చును. అందులో దాచిన వరుసల వెల సున్న కాదు. ‘నీ ఆలోచనలను నాయొద్ద దాచుకొనుము’ అని పిలిచినవారికి, దాచినదానిని చెక్కుచెదరక తిరిగి అప్పగించు బాధ్యత కలదు. ఉచితముగ అన్నము పెట్టిన సత్రమువారు మూటలు దాచుటకు గది కూడ ఇచ్చినచో, సత్రము మూసినను మూటల లెక్క చెప్పవలసినదే.

మూడవవారు ఆచరణజ్ఞానులు. అయినను వారు గమనింపని భేదము ఒకటి కలదు. వాయిస్ మెమోస్ ధ్వనిని నిలుపును. కార్డును గుర్తింపదు, లయను లెక్కింపదు. గ్యారేజ్‌బ్యాండ్, లాజిక్ అను యాప్‌లలో పాటను విస్తరింపవచ్చును. కాని అవియు అదే సంస్థవి. ఇంటిలోని ఒక గదినుండి మరియొక గదికి సామాను మార్చినంతమాత్రమున ఇల్లు మనదగునా?

నల్లగండ్లవంటి చోట ఈ స్పందనకు ప్రత్యేకమైన రుచి ఉన్నది. ఇచ్చటివారిలో అనేకుల వృత్తి సాఫ్ట్‌వేరు. పాత యాప్‌ను మూయుట, కొత్తదానిలోనికి మార్చుట వారికి కార్యాలయములో నిత్యకృత్యము. దానికి పట్టికలు, గడువులు ఉండును. ఆ పట్టికలోని ఒక్క గీత వెనుక ఎవరి ఇంటిలోనో ఒక పాట ఉండునని తెలియుటకు, సాయంత్రము తామే వాడుకరులు కావలసివచ్చును. ఈ సంఘటన నేర్పిన పాఠములలో ఇదియే విలువైనది.

రాగి చెప్పినది, అచ్చు చెప్పినది

ఈ చిక్కు తెలుగువారికి కొత్తది కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలు వేలకొలది రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములో భద్రపరుపబడినవి. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో అవి మరల వెలుగు చూచినవి. అక్షరము చెరగలేదు, రాగము పేరున్నది. కాని స్వరము చెక్కలేదు. గానపరంపర తెగుటచే అన్నమయ్య పాడిన వరుసలు చాలవరకు దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు విద్వాంసులు వానికి కొత్తగ స్వరములు కూర్చవలసివచ్చెను. రాగి నాలుగు శతాబ్దములు నిలచినది. దానిపై ఏమి వ్రాయలేదో అది మాత్రము నిలువలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. అందు సాహిత్యముతోపాటు స్వరములు, తాళము, గమకముల గుర్తులు కూడ ఉన్నవి. గుర్తుల వివరణయు ఉన్నది. 120 ఏండ్లు దాటినను తెలుగు చదువ నేర్చి స్వరజ్ఞానము గలవాడు దానిని తెరచి పాడుకొనగలడు. దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు.

యంత్రముల లోకమునను ఇట్టి సంప్రదాయము లేకపోలేదు. వాద్యయంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకై 1983లో అనేక సంస్థలు ఒప్పుకొని ఏర్పరచిన ‘మిడి’ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. 1991లో వచ్చిన ‘వేవ్’ ధ్వనిపత్రమును నేటి కంప్యూటర్లన్నియు తెరువగలవు. వీని కట్టుబాట్లు అందరికి తెలిసినవి. ఒక సంస్థ తప్పుకొనినను మరియొకరు చదువు యంత్రమును చేయగలరు. దీర్ఘాయుష్షుకు కారణము అదియే.

తీర్పు

మ్యూజిక్ మెమోస్ మంచి పనిముట్టు. శబ్దశాస్త్రములోని కఠినమైన లెక్కను ఒక్క తాకుడు వెనుక దాచి, సామాన్యునికి అందించినది. దాని లోపము పనితనములో లేదు. దాని పని ఫలితము మరియొకరి యంత్రములో సంపూర్ణముగ బ్రదుకునట్లు చేయకపోవుటలో ఉన్నది. దాచిన ప్రతి వరుసకు ధ్వనిని, కార్డుల పేర్లను, లయను అందరు చదువగల రూపములో వ్రాసియిచ్చినచో, యాప్ పోయినందుకు విచారముండెడిదే గాని నష్టము ఉండెడిది కాదు. వాడుకరులు అడుగవలసినది కూడ ఇదియే. ‘ఎన్నటికి మూయకుము’ అనుట తీరని కోరిక. ‘మూయునాడు అంతయు తిరిగి ఇమ్ము’ అనుట న్యాయమైన కోరిక.

ఉన్నత పాఠశాలలలో నేడు పిల్లలు ఫోనులలో పాటలు, ప్రయోగముల లెక్కలు, చిత్రములు దాచుకొనుచున్నారు. ఉపాధ్యాయులు ఏటికొకమారు తరగతిలో ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చును. దాచినదానిని వేరొక సంస్థ చేసిన యంత్రములో తెరచి చూడవలెను. తెరచుకొనినచో అది మనది. తెరచుకొననిచో అది ఇంకను ఎరువు సొమ్మే. పాట విషయమున మరియొక్క జాగ్రత్త చాలును: శ్రుతి, తాళము, స్వరములు నోటుపుస్తకములో ఒక పుటపై వ్రాసి తేదీ వేయవలెను. కాగితము, కలము ఉన్నంతవరకు ఆ వరుసను మరల మీటు చేయి ఒకటి దొరకును.