పునశ్చరణ తరగతులు – తెలుగు పాఠం: ఒక విమర్శనాత్మక పరిశీలన

పాఠశాలలో తెలుగు చెప్పదలచినవారు పండిత శిక్షణ పొంది రావాలి. డిగ్రీ కళాశాలలోనో విశ్వవిద్యాలయంలోనో అదే తెలుగు చెప్పేవారికి అటువంటి నిబంధన లేదు. ఎం.ఏ. పట్టా, అర్హత పరీక్షలో ఉత్తీర్ణత లేదా పరిశోధన పట్టా ఉంటే నేరుగా తరగతి గదిలోకి ప్రవేశించవచ్చు. విషయం తెలిసినవారికి బోధన దానంతట అదే అలవడుతుందన్న నమ్మకం ఈ ఏర్పాటుకు ఆధారం. ఆ నమ్మకం చాలదని గుర్తించినందువల్లనే 1986 నాటి జాతీయ విద్యావిధానం ఉన్నతవిద్యా రంగంలోని అధ్యాపకులకు కూడా శిక్షణ అవసరమన్నది. మరుసటి సంవత్సరం విశ్వవిద్యాలయ నిధుల సంఘం అకడమిక్ స్టాఫ్ కాలేజీల పథకాన్ని ప్రారంభించింది. తెలుగునాట ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాదు విశ్వవిద్యాలయాల వంటి చోట్ల ఇవి వెలశాయి. 2015లో ఇవే మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023లో మాలవీయ మిషన్ పేరును ధరించాయి. బోర్డులు మారాయి. ఈ కేంద్రాలలో తెలుగు పాఠానికి దొరికిన చోటు ఎంత అన్నది విడిగా పరిశీలించవలసిన అంశం.

తొలి నియమావళి ప్రకారం శిక్షణ రెండు రకాలు. ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి నాలుగు వారాల ఓరియెంటేషన్ కోర్సు, 144 గంటలు. అనుభవం గలవారికి మూడు వారాల పునశ్చరణ తరగతులు, 108 గంటలు. మొదటిదానిలో రసాయనశాస్త్రం చెప్పేవారు, వాణిజ్యశాస్త్రం చెప్పేవారు, తెలుగు చెప్పేవారు పక్కపక్కనే కూర్చుంటారు. విద్యాతత్త్వం, సమాజం, వనరుల పరిచయం, నిర్వహణ, వ్యక్తిత్వ వికాసం వంటి విషయాలు అందరికీ ఒకే విధంగా అందుతాయి. రెండవదానిలో తెలుగువారు తెలుగువారితోనే ఉంటారు. అక్కడ చర్చ అంతా సాహిత్యం, భాష, పరిశోధన చుట్టూ తిరుగుతుంది. అంటే మొదటిచోట బోధన ఉంది, తెలుగు లేదు. రెండవచోట తెలుగు ఉంది, బోధన లేదు. తిక్కన పద్యాన్ని డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థికి ఎలా చెప్పాలన్న ప్రశ్న ఈ రెండింటి నడుమ జారిపోయింది.

యాదృచ్ఛికమే కావచ్చు, అదే 1986లో అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ సరిగ్గా ఈ లోపాన్నే ఎత్తిచూపాడు. విషయజ్ఞానం వేరు, సాధారణ బోధనాపద్ధతుల జ్ఞానం వేరు. ఒక నిర్దిష్ట విషయాన్ని నేర్చుకొనేవారికి అందేలా మలిచే జ్ఞానం ఈ రెండింటికీ భిన్నమైన మూడవదని అతడి ప్రతిపాదన. ఏ ఉదాహరణ పనికివస్తుంది, విద్యార్థి ఎక్కడ తడబడతాడు, ఎందుకు తడబడతాడు అన్న ఎరుక ఈ మూడవ జ్ఞానంలో భాగం. తెలుగు అధ్యాపకులలో చాలామందికి ఈ ఎరుక అనుభవం వల్ల అబ్బుతుంది. కాని అది వారితోనే ఉండిపోయి, పదవీ విరమణతో పోతుంది. దానిని పదిమందిలో పెట్టడానికే కార్యశాలలు ఉండాలి.

జరిగే కార్యశాల మాత్రం సాహిత్య సభ రూపు దాల్చింది. ప్రారంభ సభ, ముఖ్య అతిథి, శాలువా, రోజుకు మూడు నాలుగు ఉపన్యాసాలు, చివర పది నిమిషాల ప్రశ్నోత్తరాలు, ముగింపు సభ, ధ్రువపత్రాల ప్రదానం. తెలుగు సభా సంస్కృతి గొప్పదే. అయినా తాను రోజూ ఉపన్యసించే వ్యక్తిని తెచ్చి వారాల తరబడి శ్రోతగా కూర్చోబెట్టడం చిత్రమైన శిక్షణ. అవధాన సభలో సైతం పృచ్ఛకులకు పని ఉంటుంది. ఈ తరగతులలో అధ్యాపకుడికి మిగిలే పని నోట్సు రాసుకోవడం, ఒక పత్రం చదవడం, హాజరు పట్టికలో సంతకం చేయడం.

ఈ విమర్శకు ఒక హద్దు ఉంది. జిల్లా పట్టణంలోనో మండల కేంద్రంలోనో పనిచేసే అధ్యాపకుడికి మంచి గ్రంథాలయం అందుబాటులో లేని రోజుల్లో, పునశ్చరణ తరగతులే కొత్త గాలి. 1990లలో స్త్రీవాద, దళితవాద చర్చలు తెలుగు సాహిత్యాన్ని కుదిపివేస్తున్నప్పుడు, ఆ కవులనూ విమర్శకులనూ ఎదురుగా వినగలగడం చిన్న విషయం కాదు. ఉపన్యాసాలను తొలగించాలనడం తొందరపాటు అవుతుంది. ఆ గంటలలో సగమైనా పాఠానికి చెందకపోవడమే ఇక్కడి అభ్యంతరం.

‘పునశ్చరణ’ అన్న మాటలోనే చిక్కు కొంత ఉంది. చదివినదాన్ని మళ్లీ చదవడం, వల్లించినదాన్ని మళ్లీ వల్లించడం దాని అర్థం. పాఠం మారలేదు, గురువు మాత్రమే కొంత మరచిపోయాడు అన్న ఊహ దాని వెనుక ఉంది. నిజానికి మారినవాడు విద్యార్థి. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ చదువులు ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. బాల్యం నుంచే ఆంగ్ల మాధ్యమంలో చదివి వచ్చేవారి సంఖ్య రెండు తెలుగు రాష్ట్రాలలోనూ తక్కువేమీ కాదు. ఇటువంటి విద్యార్థికి ద్వితీయ భాషగా తెలుగు గంట ఒక్కటే తెలుగు చదివే సందర్భం. స్నేహితుడికి పంపే తెలుగు సందేశాన్ని రోమన్ లిపిలో రాసే అలవాటు అతడిది. అతడిని ఉద్దేశించి పాఠం ఎలా మారాలన్నది పునశ్చరణతో తేలేది కాదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి స్పష్టమవుతుంది. పద్యబోధనకు తెలుగు అధ్యాపకుడికి సంప్రదాయం ఇచ్చిన సాధనాలు పదవిభాగం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం. తరగతిలో కాలం చాలనప్పుడు వీటిలో మొదట తగ్గిపోయేది అన్వయం. ప్రతిపదార్థం పరీక్షలో అడుగుతారు కనుక నిలుస్తుంది. తాత్పర్యం కథ కనుక నిలుస్తుంది. కాని నేటి విద్యార్థి అసలు ఇబ్బంది అన్వయంలోనే ఉంది. పదాల అర్థాలన్నీ పుస్తకం చివర దొరుకుతాయి. అవి చేతిలో ఉన్నా, మొదటి పాదంలోని విశేషణం మూడవ పాదంలోని నామానికి చెందుతుందని, కర్త ఎక్కడో చివర ఉన్నాడని అతడికి తట్టదు. ఆ దూరాన్ని దాటించకుండా అర్థాల జాబితా ఎంత పెంచినా పద్యం తెరుచుకోదు. చదివే తీరు కూడా ఇందులో భాగమే. రాగయుక్తంగా చదివినప్పుడు గొంతు పాదాంతంలో ఆగుతుంది. భావం అక్కడ ఆగకపోవచ్చు. భావం విరిగేచోట ఆగుతూ ఒకసారి, ఛందోగతితో మరొకసారి చదివి వినిపిస్తే అన్వయం సగం చెవి ద్వారానే అందుతుంది. ఇది అనుభవజ్ఞులు ఎరిగిన కిటుకు. ఏ పద్యానికి ఇది పనిచేస్తుంది, ఏ సమాసభూయిష్ఠమైన వృత్తానికి పనిచేయదు అన్నది నలుగురు అధ్యాపకులు ఒకే పద్యాన్ని ఒకరి ఎదుట ఒకరు చెప్పి చూస్తేనే తేలుతుంది.

తెలుగువారికి ఇటువంటి ప్రశ్న కొత్తది కాదు. గత శతాబ్దపు తొలి సంవత్సరాలలో వ్యావహారిక భాషోద్యమానికి నాంది పలికినది తరగతి గదే. పాఠశాలల తనిఖీకి వచ్చిన ఆంగ్లేయ అధికారి జె.ఎ. యేట్స్‌కు, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో చెప్పే తెలుగుకూ అంత తేడా ఎందుకన్న సందేహం కలిగింది. గిడుగు రామమూర్తి ఆ సందేహాన్ని వదలక, దానికి సమాధానంగా జీవితాన్నే వెచ్చించారు. గ్రాంథికవాదులతో ఆయన సాగించిన వాదాలు సాహిత్య చరిత్రలో స్థానం పొందాయి; అవి ఒక అధ్యాపకుడు పాఠం గురించి చేసిన ఆలోచన నుంచి పుట్టాయన్న సంగతి వెనుకపడింది. బోధనను పరిశోధనకన్నా తక్కువ మెట్టుగా చూసే నేటి శాఖలు ఆ చరిత్రను ఈ కోణం నుంచి మళ్లీ చదువుకోవచ్చు.

2018లో మొదలైన ‘అర్పిత్’ ద్వారా పునశ్చరణ స్వయం వేదికపైకి వచ్చింది. ప్రయాణాలు తగ్గాయి, ఎక్కువమందికి అందింది. కాని సభలో శ్రోతగా ఉన్న అధ్యాపకుడు ఇక్కడ ప్రేక్షకుడయ్యాడు. భోజన విరామంలో పక్కవారితో జరిగే చర్చ, నిజానికి కోర్సు మొత్తంలో బోధనకు అతిదగ్గరగా వచ్చే చర్చ, అది కూడా పోయింది. పదోన్నతికి కోర్సులు ముడిపడి ఉండడం వల్ల హాజరుకు కొరత లేదు. ఆ ముడి లేకపోతే ఎందరు వస్తారన్నది నిర్వాహకులు తమను తాము అడగవలసిన ప్రశ్న.

అసలు బోధన ఒక కళ, నేర్పితే వచ్చేది కాదు అనేవారున్నారు. కవిత్వం గురించి కూడా అదే మాట అంటారు. అయినా ఛందస్సు నేర్పడం ఎవరూ మానలేదు.

ఇప్పటి నియమాల ప్రకారం పునశ్చరణ రెండు వారాలు. ఆ రోజులలో రెండింటిని, ప్రతి అధ్యాపకుడూ తన కళాశాల నుంచి తెచ్చిన పది అంతర్గత పరీక్షా పత్రాలకు కేటాయించడానికి కొత్త నిధులు అక్కరలేదు, కొత్త ఉత్తర్వులూ అక్కరలేదు. విద్యార్థుల పేర్లు తొలగించి, ఒకే పద్యానికి వారు రాసిన తాత్పర్యాలను బల్లపై పరిస్తే, అర్థం ఎక్కడ దారి తప్పిందో కనిపిస్తుంది. ఎర్ర సిరాతో దిద్దిన శ, ష, సల పక్కన, ఎవరూ దిద్దని వాక్యాలు కూడా కనిపిస్తాయి.