కాలు ఊరుకుంటేనే గుర్రం కదులుతుంది

"ఎంత తన్నినా కదలదండీ, ఒట్టి బద్ధకపు గుర్రం." నాలుగైదేళ్ల గుర్రాన్ని చూపించి ఈ మాట అనని రైడింగ్ స్కూలు ఉండదేమో. అన్న మనిషి కాళ్లు చూడండి. అడుగడుక్కీ డొక్కలో మడమ పడుతూనే ఉంటుంది. ఈగ వాలితే ఆ ఒక్క చోటే చర్మం జలదరించి దాన్ని తోలెయ్యగల జంతువది. అంత సున్నితమైన ఒంటిని మొద్దుబార్చింది ఎవరు?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఫ్రెంచి అశ్వవిద్య వైపు చూడాల్సిందే. పదమూడో లూయీకి స్వారీ నేర్పిన ప్లువినెల్, 1733లో మహాగ్రంథం అచ్చువేసిన లా గెరినియేర్, ఆ తర్వాత సోమ్యూర్‌లోని కాద్ర్ నువార్ రౌతులు. అందరిదీ ఒకటే పట్టుదల: గుర్రం తేలిగ్గా, ఇష్టంగా కదలాలి. 2011లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

వాళ్ల పద్ధతి ఎలా ఉంటుందో చూద్దాం. గుర్రం నడుస్తోంది, ట్రాట్‌లోకి, అంటే చిన్న పరుగులోకి రావాలి అనుకుందాం. రౌతు ముందు పగ్గాలు కాస్త వదులుతాడు. పిక్కతో ఒక్కసారి మెత్తగా అడుగుతాడు. జవాబు లేదు. రెండోసారి పిక్క వాడడు. కాలి వెనకగా సన్నటి బెత్తంతో ఒక్క తాకుడు. గుర్రం ఉలిక్కిపడి ముందుకు దూకుతుంది, ఒక్కోసారి ఏకంగా అంతకన్నా వేగమైన కాంటరే అందుకుంటుంది. రౌతుకు అసలు పరీక్ష అప్పుడే. నేనడిగింది ట్రాట్ కదా అని పగ్గం గుంజాడా, పాఠమంతా పాడు. ముందుకెళ్తే నోరు నొప్పి పెడుతుందని గుర్రం నేర్చేసుకుంటుంది. పోనివ్వాలి. కొంత దూరం పోనిచ్చి, మెడ నిమిరి, నడకలోకి తెచ్చి, మళ్లీ అదే మెత్తటి పిక్క. ఈసారి ఒక చెవి క్షణంపాటు రౌతు వైపు తిరుగుతుంది, వెనక కాళ్లలోంచి ఊపు పుట్టుకొస్తుంది. వచ్చిన మరుక్షణం కాలు ఊరికే వేలాడాలి. వేగం తగ్గేదాకా ఆ కాలు మళ్లీ నోరెత్తకూడదు.

ఎంత అందమైన పనో! చూస్తున్నవాళ్లకు రౌతు ఏమీ చెయ్యనట్టే ఉంటుంది.

చెయ్యి పనిచేసేటప్పుడు కాలు, కాలు పనిచేసేటప్పుడు చెయ్యి ఊరుకోవాలని తేల్చినవాడు ఫ్రాన్స్వా బోషే (1796–1873). రెండూ ఒకేసారి వాడటమంటే తలుపు గడియ పెట్టి మనిషిని బయటికి నెట్టడమే. సర్కస్‌లో గుర్రాలాడించినవాడని ఆనాటి పెద్దలు ఆయన్ని చిన్నచూపు చూశారు. దీపాల గుత్తి తన మీద పడి దెబ్బతిన్నాకే ఆయన పద్ధతి ఇంత సున్నితమైందని చెప్పుకుంటారు. నేను బోషే పక్షమే, దాచుకోను. కాని మందకొడి కుర్ర గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన ప్రత్యర్థి దోర్ మాటే చెల్లుతుంది: బయటికి తీసుకెళ్లండి! ఇసుక మైదానంలో అదే గుండ్రం తిరిగి తిరిగి ఏ పిల్ల గుర్రానికి ఉత్సాహం మిగులుతుంది? ముందు ఒక అనుభవమున్న పెద్ద గుర్రం, వెనక ఇది, మట్టి బాట, చిన్న ఎత్తుపల్లాలు, దాటడానికి అడ్డంగా ఒకటో రెండో దుంగలు. రౌతు జీను మీంచి కొద్దిగా లేచి వీపు మీద బరువు తగ్గించాలి. అరగంట చాలు, గుర్రానికి ఇంకా ఆశ ఉండగానే ఇంటికి మళ్లాలి. బోషే, దోర్ ఇద్దరి దగ్గరా నేర్చుకున్న జనరల్ లోత్ కూడా ముందు గుర్రం మనసు కుదుటపడాలనీ, తర్వాత ముందుకు సాగాలనీ, తిన్నదనం ఆ తర్వాతేననీ వరుస పెట్టాడు.

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలుదీ ఇదే దారి. అక్కడి లిపిజ్జానర్ పోతు గుర్రాలకు తొలి దశలో విన్యాసాల ఊసే ఉండదు, సహజమైన ఒడుపుతో తిన్నగా, ముందుకు సాగడమే. ఆ స్కూలును దశాబ్దాలు నడిపిన అలోయిస్ పొధాయ్‌స్కీ, రేసుల్లో పనికిరాదనిపించుకున్న నీరో అనే థరోబ్రెడ్‌తో 1936 బెర్లిన్ ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లో కాంస్యం తెచ్చాడు. పోర్చుగల్‌లో నూనో ఒలివేరా (1925–1989) తన మైదానంలో వెర్డీ ఒపెరాలు పెట్టుకుని, పగ్గాలు సడలించి, ఉన్నచోటే ట్రాట్ ఆడించేవాడు. అంత మెత్తటి చెయ్యి మళ్లీ పుడుతుందా!

పద్ధతి మొదలెట్టే ముందు ఒంటిని చూసుకోవడం మరవకూడదు. రెండున్నర నుంచి ఐదేళ్ల లోపు పాలపళ్లు రాలి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్లు సలుపుతుంటే కళ్లెం ఎలా నచ్చుతుంది? వెన్నెముక ఎదుగుదల ఐదేళ్లు దాటినా పూర్తవదు. ఏడాది కిందట కుదిరిన జీను ఇవాళ భుజాల్ని నొక్కుతుండవచ్చు. మన నగరాల్లో స్వారీకి వచ్చే గుర్రాలు చాలావరకు రేసుల్లోంచి దిగినవే, ఆ గుర్రాల్లో కడుపు పుండ్లు సర్వసాధారణం. నొప్పితో ఉన్నదానికి బద్ధకమని పేరు పెట్టడం అన్యాయం.

చాలామంది ఇవేవీ చూడరు. గుర్రం కదలకపోతే స్పర్ (మడమకు కట్టుకునే ముల్లు), దానికీ కదలకపోతే ఇంకా పొడుగు స్పర్! పగ్గాలు బిగించి మూతిని ఛాతీకి ఆనించి, వెనక నుంచి పొడిచి, కాళ్లు విసిరితే అదే ఉత్సాహమని చప్పట్లు. బలప్రయోగంతో మెడను అలా వంచడం తగదని అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య 2010లోనే ప్రకటించింది. ఆగిందా? ఎదగని గుర్రాన్ని మెరిపించి అమ్ముకునే వ్యాపారానికి ఏళ్ల తరబడి ఓపిక ఎందుకుంటుంది? అది విద్య కాదు, విద్య వేషం.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా పేర్లు విని హైదరాబాద్‌లోనూ ఎందరో తల్లిదండ్రులు పిల్లల్ని జీనెక్కించాలని ఆశపడి ఉంటారు. ఆ పిల్లలకు మొదటిరోజే "తన్ను, గట్టిగా తన్ను" అని నేర్పకండి. వియన్నాలో కొత్త శిష్యుల్ని శిక్షకుడు పట్టుకున్న పొడవాటి లాంజ్ తాడు మీద గుండ్రంగా తిరిగే ముసలి గుర్రమెక్కించి, పగ్గాలూ రికాబులూ లేకుండా నెలల తరబడి కూర్చోవడమే నేర్పుతారు. కాళ్లు నిలకడగా వేలాడటం వచ్చాకే చేతికి పగ్గం. మన స్కూళ్లు కూడా ఆ ఓపిక పట్టాలి. దానికి ఫీజు ఎక్కువైనా సరే, తల్లిదండ్రులు అడిగి మరీ చెప్పించుకోవాలి.