కంఠహారం విడదీస్తే

పెద్ద సంఖ్య కనిపిస్తే కారణాంకాలుగా విడగొట్టి చూడటం చిత్తూరులో బడికెళ్లే రోజుల్లోనే నాకు అబ్బిన అలవాటు. అలిపిరి నుంచి కొండెక్కేటప్పుడూ అది వదలదు. మెట్లు 3,550 అంటారు. గోవింద నామం పలుకుతూనే మనసులో దాన్ని రెండుతో, అయిదుతో, మళ్లీ అయిదుతో భాగిస్తాను. 71 మిగులుతుంది. అది 2, 3, 5, 7 దేనితోనూ పోదు. తొమ్మిది తొమ్ములు 81 కాబట్టి అంతకుమించి వెతకక్కర్లేదు. 71 ప్రధాన సంఖ్య. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

మొన్న ఆదివారం మనవరాలు పాత క్యాలెండర్ కాగితం వెనక 12345654321 అని రాసుకొచ్చింది. ‘ఇది దేంతో పోతుంది తాతా?’ అనడిగింది. ముందు అంకెలు కూడమన్నాను. 36 వచ్చింది. అంటే తొమ్మిదితో పోతుంది. తర్వాత కుడివైపు నుంచి మూడేసి అంకెలకు గీతలు గీయించాను: 12, 345, 654, 321. 321లోంచి 654 తీసి, 345 కలిపి, 12 తీసేస్తే సున్నా. ఇలా సున్నా వస్తే ఆ సంఖ్య 1001తో నిశ్శేషంగా పోతుంది. 1001 అంటే 7, 11, 13ల లబ్ధం. ఒక్క లెక్కతో మూడు ప్రధాన సంఖ్యలు చేతికొచ్చాయి. ఇక పాప ఓపిగ్గా భాగహారాలు చేసుకుంటూ పోయింది. చివరికి కాగితం అంచున 3, 7, 11, 13, 37 రెండేసి సార్లు మిగిలాయి. జతకొకటి తీసి హెచ్చిస్తే 111111. దాని వర్గమే ఈ సంఖ్య.

తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో 27994681ని 441తో గుణించి దీన్నే రాబట్టాడు. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే ఇలాంటి లబ్ధాలను కంఠహారాలతో పోల్చాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పాప కాగితం పక్కన పెట్టుకుని చూస్తే ఆచార్యుడి గుణకారం గుట్టు తెలిసింది. 441లో ఉన్నవి 3, 7ల జతలు. 27994681లో ఉన్నవి 11, 13, 37ల జతలు. హారంలోని పూసలను ఆయన రెండు దోసిళ్లలోకి పంచాడన్నమాట.

హెచ్చవేయడం తేలిక, విడగొట్టడం కష్టం. 1977లో రూపొందిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి ఈ కష్టం మీదే నిలబడింది. తగినంత పెద్ద ప్రధాన సంఖ్యలు రెండింటిని హెచ్చవేస్తే వచ్చే వందల అంకెల లబ్ధాన్ని విడగొట్టడం నేటి కంప్యూటర్ల వల్ల కూడా కావడం లేదు.

పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకోవడంతోనే ఆగిపోకండి. ఈ ఆదివారం ఒక కాగితం మీద 1234321 రాసి వాళ్ల ముందు పెట్టండి. పక్కనే కూర్చోండి. ఎంత సేపు పట్టినా సరే, జవాబు మాత్రం మీరు చెప్పకండి.