పటాన్‌చెరు డాబా మీద గురుగ్రహం

పాశమైలారం, బొల్లారం దిక్కున రాత్రి ఎనిమిది దాటాక తలెత్తి చూస్తే పాలపుంత కనిపించదు. షెడ్ల ముందు ఫ్లడ్‌లైట్లు, 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆగకుండా సాగే లారీలు, దుమ్ము, పొగ కలిసి చుక్కల్ని మింగేశాయి. సప్తర్షుల్లో ఏడుగురూ కనబడితే ఆ రాత్రి ఆకాశం బాగున్నట్టే లెక్క. శుక్రుడూ గురుడూ మాత్రం ఈ మసకనంతా తట్టుకుని కనిపిస్తారు. రెండేళ్లకోసారి భూమికి దగ్గరగా వచ్చినప్పుడు అంగారకుడు చిమ్నీల పైన ఎర్రగా వెలుగుతాడు. శని కొంచెం మందంగానైనా దొరుకుతాడు. అందుకే సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక వాడల్లో పిల్లలకు ఆకాశం చెప్పదలచిన టీచరు నక్షత్ర మండలాలతో కుస్తీ పట్టడం దండగ, గ్రహాలతో మొదలుపెట్టాలి అంటాను.

ఇంకో కారణమూ ఉంది. ఏ గ్రహం దగ్గరికీ ఇంతవరకు మనిషి వెళ్లలేదు. వెళ్లినవన్నీ యంత్రాలే. యంత్రాల సంగతి ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. ఇంట్లో అన్నం దగ్గర నడిచే మాటలే సెటప్, టూల్ ఆఫ్‌సెట్, రిజెక్షన్, బ్రేక్‌డౌన్, నైట్ షిఫ్ట్. నగరంలో పెద్దింటి పిల్లవాడికి రోవర్ అంటే టీవీలో చూసిన బొమ్మ. ఇస్నాపూర్ పిల్లకు అది వాళ్ల నాన్న నడిపే సీఎన్‌సీ మెషీన్‌కు దూరపు చుట్టం. ఆ చుట్టరికం మన పాఠాల్లోకి ఎందుకో రాలేదు.

8వ తరగతి భౌతికశాస్త్రంలో ‘నక్షత్రాలు - సౌరకుటుంబం’ పాఠం ఉంది. పుస్తకం చివర్లో వస్తుంది కాబట్టి పరీక్షల ముందు పరుగు మీద అయిపోతుంది. ‘అతి పెద్ద గ్రహం ఏది?’ అనే ఒక మార్కు ప్రశ్న మిగులుతుంది. నిజానికి ఆ పాఠంలోనే కర్ర నాటి నీడ కొలిచే పని ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న మిట్టమధ్యాహ్నం నిటారు కర్రకు నీడ పడదు. కాస్త ఉత్తరాన ఉన్న సంగారెడ్డికి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. మే అంటే సెలవులు, ఆగస్టులో బడి ఉంటుంది. మబ్బు కరుణిస్తే పన్నెండూ ఇరవై దాటాక నీడ కర్ర అడుగుకు చేరిపోవడం పిల్లలే చూస్తారు. సరిగ్గా పన్నెండుకే ఎందుకు కాలేదని ఎవరో ఒకరు అడుగుతారు. దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుందని, మనం దానికి పడమర ఉన్నామని అప్పుడు చెబితే చెవికెక్కుతుంది.

గోడమీది చార్టు చేసే అన్యాయం ఇంకోటుంది. సూర్యుడి పక్కన ఎనిమిది గ్రహాలూ జానెడు జానెడు దూరంలో వరసగా ఉంటాయి. దీన్ని విరగ్గొట్టాలంటే మైదానంలోకి రావాలి. పీచు తీసిన పెద్ద కొబ్బరికాయ ఒకటి, సుమారు 14 సెంటీమీటర్లది, సూర్యుడనుకోండి. ఆ లెక్కన భూమి ఒక చిన్న ఆవగింజ, 15 మీటర్ల అవతల. దానికి నాలుగు సెంటీమీటర్ల దూరంలో చంద్రుడు. మనిషి వెళ్లి తిరిగొచ్చిన అత్యంత దూరం ఆ నాలుగు సెంటీమీటర్లే. అంగారకుడు గసగసాల గింజ, 23 మీటర్ల దగ్గర. గురుడు గోళీ అంత, 78 మీటర్ల దగ్గర. మామూలు బడికి అక్కడే ప్రహరీ వచ్చేస్తుంది. శనికి 143 మీటర్లు, యురేనస్‌కు 287, నెప్ట్యూన్‌కు 450. పిల్లలు గేటు దాటి, కిరాణా కొట్టు దాటి, ఆటో స్టాండు దాటి నడవాలి. “సార్, ఇంకా ఎంత దూరం నడవాలె?” అని ఎవరైనా విసుక్కుంటే పాఠం పట్టుబడినట్టే. 1977లో బయల్దేరిన వాయేజర్-1 ఈ కొలతలో ఇప్పటికి రెండున్నర కిలోమీటర్ల దగ్గరుంది. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం నాలుగు వేల కిలోమీటర్ల అవతల. దారి పొడుగునా ఖాళీయే. సౌరకుటుంబంలో ఎక్కువగా ఉండేది ఆ ఖాళీయేనని ఏ చార్టూ చెప్పదు.

రాత్రి పాఠానికి కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. పెద్ద టెలిస్కోపు అక్కర్లేదు. 10×50 బైనాక్యులర్‌ను చెయ్యి వణక్కుండా డాబా పిట్టగోడకు ఆనించి గురుడి వైపు తిప్పితే పక్కన సన్నటి చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసిన ఉపగ్రహాలే అవి. అసలు కిటుకు చూడడంలో లేదు, గీయడంలో ఉంది. నోటుబుక్కులో ఒక సున్నా చుట్టి, అటెన్ని చుక్కలు, ఇటెన్ని చుక్కలు అని ఆ రాత్రే గీసి తేదీ వెయ్యాలి. మర్నాడు అదే వేళకు మళ్లీ గీయాలి. అన్నిటికంటే లోపలిదైన అయో రెండు రోజులు నిండకముందే ఒక చుట్టు తిరిగేస్తుంది, కాబట్టి బొమ్మ మారక తప్పదు. వారం తిరిగేసరికి ఆరో తరగతి పిల్ల పుస్తకంలో గెలీలియో నోటుబుక్కులాంటిది తయారవుతుంది. ఆ చుక్కల్లో ఒకటైన యూరోపా కోసం 2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030లో గురుడి దగ్గరికి చేరుతుంది. అప్పటికి ఈ పిల్ల ఏ తరగతిలో ఉంటుందో ఆమెనే లెక్క కట్టమనండి.

శని విషయంలో చిన్న మాట. ఇంట్లో శని అంటే భయం, నవగ్రహాలకు ప్రదక్షిణ, నువ్వుల నూనె. టీచరు దీని మీద యుద్ధం ప్రకటించనక్కర్లేదు. చిన్నదైనా సరే ఒక టెలిస్కోపులో వలయం చూపిస్తే చాలు. ఒకసారి అంత అందంగా చూసినదాన్ని చూసి బెదరడం కష్టం.

ఇక రోబోల పాఠం. నాకన్నిటికంటే ఇష్టమైనది రోవర్ ఆట. ఒక పిల్లకు కళ్లకు గంతలు కడతారు, ఆమె రోవర్. గోడ వెనక ముగ్గురు కూర్చుంటారు, వాళ్లు కంట్రోల్ రూమ్. మైదానంలో ఒక గుర్తు పెట్టిన రాయి దగ్గరికి ఆమె చేరాలి. మధ్యలో సుద్దతో నాలుగు మీటర్ల అడ్డుకొలత వృత్తం, అది గుంట. కంట్రోల్ రూమ్ వాళ్లు చీటీ మీద ఆజ్ఞలు రాస్తారు: ముందుకు నాలుగడుగులు, కుడికి తిరుగు, ముందుకు రెండు, ఆగు. ఇంకో కుర్రాడు ఆ చీటీ పట్టుకుని పరుగెత్తకుండా మెల్లగా నడిచి వెళ్లి రోవర్ చెవిలో చదువుతాడు. జరిగింది చూసి, అంతే మెల్లగా వెనక్కి వచ్చి చెప్తాడు. రోవర్ అప్పటికే గుంటలో పడి ఉంటుంది. ‘ఆపు, ఆపు’ అని గోడ వెనకనుంచి అరిచి లాభం లేదు, కబురు చేరాలి కదా.

మొదటి ఆటలో అందరూ పొడుగు చీటీలు రాస్తారు. రెండో ఆటలో భయపడి ఒక్కో అడుగే రాస్తారు, గంట కొట్టినా రాయి దగ్గరికి చేరరు. మూడో ఆటకు తెలివైన పిల్ల ఒకతి అడుగుతుంది: కాలికి సుద్దగీత తగిలితే రోవర్ తనంతట తనే ఆగొచ్చా అని. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ ఆట. అంగారకుడికి కబురు చేరాలంటే దగ్గరున్నప్పుడు మూడు నిమిషాలు, దూరమున్నప్పుడు ఇరవై రెండు. మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కక్ష్యలోకి చేరిన ఉదయం ఆ సంకేతానికి పన్నెండు నిమిషాలు దాటి పట్టింది. చంద్రుడికి సెకను పైచిలుకే అయినా, 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి తనంతట తానే దిగింది. 6 గంటల 4 నిమిషాలకు కాళ్లు నేలకు ఆనేదాకా ఇక్కడున్న వాళ్లు చూస్తూ కూర్చున్నారంతే. తర్వాత దాని రోవర్ ప్రజ్ఞాన్‌కు నిజంగానే నాలుగు మీటర్ల గుంట ఎదురైంది. మూడు మీటర్ల ముందే కనిపెట్టి, వచ్చిన దారిన వెనక్కి మళ్లించారు. సుద్ద వృత్తానికి ఆ కొలత అక్కడినుంచి తెచ్చుకున్నదే. కంది ఐఐటీ ఆవరణలో డ్రైవరు లేని వాహనాల కోసం 2022లో మొదలైన తిహాన్ పరీక్షా కేంద్రంలోనూ ఇదే సమస్య: చెప్పేవాడు పక్కన లేనప్పుడు బండి ఏం చెయ్యాలి?

ఈ ఆటకు ఇంకో లాభం ఉంది. పారిశ్రామిక వాడ బళ్లలో ఒడియా, హిందీ, కన్నడ ఇళ్లలో మాట్లాడే పిల్లలు చాలామంది. తెలుగు పాఠం వాళ్లకు సగమే అందుతుంది. బాణం గుర్తులు, అంకెలతో రాసిన చీటీ అందరికీ ఒక్కటే.

షిఫ్టుల సంగతి చెప్తే ఈ పిల్లలు నవ్వుతారు. అంగారకుడి మీద ఒక రోజు మన రోజు కంటే సుమారు నలభై నిమిషాలు ఎక్కువ. అందుకని క్యూరియాసిటీ రోవర్ 2012లో దిగిన తొలి నెలల్లో దాన్ని నడిపేవాళ్లు అక్కడి సమయానికే పనికెళ్లారు. డ్యూటీ రోజుకు నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేది. నాన్న ఎ షిఫ్టు నుంచి సి షిఫ్టుకు మారిన వారం ఇల్లెలా ఉంటుందో తెలిసిన పిల్లలకు దీన్ని వేరే వివరించాలా!

కొలతల సంగతి ఇంకా పదును. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరులో అంగారకుడి దగ్గరికి వెళ్లి నాశనమైంది. ఒక బృందం బలాన్ని పౌండ్లలో లెక్కిస్తే, ఇంకో బృందం న్యూటన్లనుకుంది. నౌక అనుకున్న దానికంటే చాలా కిందికి దిగిపోయింది. డ్రాయింగ్ ఇంచుల్లో ఉందా, మిల్లీమీటర్లలో ఉందా అని చూడకుండా జాబ్ ఎక్కించే టర్నర్ ఎవరూ ఉండరు. ఒక ఫిట్టర్‌ను తరగతికి పిలిచి, వెర్నియర్ కాలిపర్ చేతిలో పెట్టి, ఇంచుకు ఎన్ని మిల్లీమీటర్లో అడిగించి, తర్వాత ఈ కథ చెప్పించి చూడండి.

పైగా ఇదేదో దూరదేశపు విద్య కాదు. మన రాకెట్ల వికాస్ ఇంజన్లు బాలానగర్ ఎంటార్ కంపెనీలోనూ తయారవుతాయి. బ్యాలాలు ఊళ్లో ఉండి చంద్రయాన్‌తో మాట్లాడే 32 మీటర్ల యాంటెన్నా కట్టింది హైదరాబాద్ ఈసీఐఎల్. అక్కడ పనిచేసింది ఐటీఐ చదివిన చేతులు కూడా. సైన్స్ అంటే తెల్లకోటు వేసుకున్న మహానుభావుల వ్యవహారమని పిల్లలకు నేర్పడం వల్ల ఈ చేతులు పాఠంలో కనిపించకుండా పోయాయి.

డబ్బు లేదనడం పూర్తిగా నిజం కాదు. 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. నేను చూసిన ఒక ల్యాబులో కిట్లన్నీ ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయి. పాడైతే ఎవరు జవాబుదారీ అన్న భయం. ఇంకోచోట నల్లగీత మీద నడిచే బండినే ఏటా బిగించి, ఏటా ప్రదర్శనకు తీసుకెళ్తున్నారు. దానికి సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ బండి గీత తప్పినప్పుడు ఎందుకు తప్పిందని మాత్రం ఎవరూ రాసుకోలేదు. చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబరులో కూలిపోయాక ఇస్రో చేసింది ఆ రాసుకోవడమే. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్ల మేరకు విస్తరించారు. విఫలమైన ల్యాండర్ పాఠం గెలిచిన ల్యాండర్ పాఠం కంటే ముందు రావాలన్నది నా అభిప్రాయం.

పుస్తకాలూ మనుషులూ లేకపోలేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ల ‘చెకుముకి’ పత్రిక తెలుగులో పిల్లల కోసమే వస్తోంది. తొమ్మిదో తరగతి పిల్లలను ఇస్రో 2019 నుంచి యువికా కార్యక్రమానికి తీసుకుంటోంది. నౌబత్ పహాడ్ మీద 1985లో తెరిచిన బిర్లా ప్లానెటోరియానికి ఏటా బస్సులు వెళ్తూనే ఉన్నాయి, చల్లటి చీకట్లో సగం మంది నిద్రపోయినా సరే. లేనిదల్లా బడి గేటుకూ ఫ్యాక్టరీ గేటుకూ మధ్య రాకపోకలు.

పటాన్‌చెరు, రామచంద్రాపురం, పాశమైలారం, కంది, జిన్నారం చుట్టుపక్కల మెషీన్ మీద పనిచేసే పాఠకులకు ఒక మనవి. మీ పిల్లల బడిలో సైన్స్ టీచరును కలిసి, వారాంతపు సెలవునాడో, షిఫ్టు దిగాకో ఒక గంట వస్తానని చెప్పండి. వెర్నియర్, ఒక రిజెక్టయిన జాబ్, అది ఎందుకు రిజెక్టయిందో చెప్పే రెండు మాటలు, ఇంతే పట్టుకెళ్లండి. టీచర్లూ, వాళ్లను స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పకండి. పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టండి.