అమరవీరుల సంస్మరణ: స్తంభం, కథ, పేరు

1. పరిచయం

యుద్ధంలో మరణించినవారి కోసం జరిపే సభను, నిలిపే స్తంభాన్ని సాహిత్య విమర్శకు బయటి విషయాలుగా భావిస్తాం. కాని వాటిలోనూ ఎంపిక ఉంటుంది, కథనం ఉంటుంది, మౌనం ఉంటుంది. కావ్యాన్ని చదివినట్లే వాటినీ చదవవచ్చు. ఉత్తరాంధ్రకు చెందిన రెండు యుద్ధాల స్మరణను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

2. బొబ్బిలి: ఒక మాట వెనుక మౌనం

1757 జనవరి 24న విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ బలగాలు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. రంగారావు, ఆయన అనుచరులు పోరాడి నేలకొరిగారు. కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే హతమార్చాడు. ఈ ఘటనను దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’గా రచించాడు. జంగం కథకులు ఊరూరా పాడారు. బొబ్బిలి సంస్థానాధీశులు 1891లో యుద్ధ స్తంభాన్ని నిలిపారు.

కోట చేజారుతున్నప్పుడు లోపలి స్త్రీలు, పిల్లలు తమవారి చేతుల్లోనే మరణించారని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. మన ఉపన్యాసాల్లో దీనికి వాడే మాట ‘ఆత్మార్పణ’. అర్పణకు అర్పించుకొనేవారి సమ్మతి ఉండాలి. పసిబిడ్డకు ఆ మాట ఎలా వర్తిస్తుంది? ఈ ప్రశ్న వేసినంత మాత్రాన బొబ్బిలి వీరుల శౌర్యానికి వచ్చే లోటు లేదు. ఒక గంభీరమైన పదం ఎంతటి దుఃఖాన్ని కప్పివేయగలదో మాత్రం తెలుస్తుంది.

3. పద్మనాభం: శత్రువు వంశంలో వీరుడు

1794 జూలై 10న భీమునిపట్నం సమీపంలోని పద్మనాభం వద్ద ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు మరణించాడు. ఆయనతో పాటు ఎందరో అనుచరులు ప్రాణాలు విడిచారు. బొబ్బిలి కథలో శత్రువుగా కనిపించే పూసపాటి వంశమే ముప్పైఏడేళ్లకు ఇక్కడ వీరవంశంగా నిలిచింది. ఒక ఊరి స్మరణలో ద్రోహి అయినవాడి వారసుడు మరో ఊరి స్మరణలో అమరుడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, స్మరణ ఎప్పుడూ ఒక పక్షం నుంచే మాట్లాడుతుందని గ్రహిస్తాం. రెండు చోట్లా మనకు గుర్తున్నవి ప్రభువుల, నాయకుల పేర్లే. వారి వెంట నడిచిన బంటుల పేర్లు ఎవరూ తలవరు.

4. పేర్లు చదివే సంప్రదాయం

1959 అక్టోబర్ 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు మరణించారు. ఏటా ఆ రోజున పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారు. ఆ ఏడాది విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయినవారి పేర్లను కవాతు మైదానంలో చదువుతారు. కానిస్టేబుల్ పేరూ, అధికారి పేరూ ఒకే జాబితాలో వినిపిస్తాయి. ఇది ఈ పద్ధతిలోని గొప్ప గుణం. అయితే జాబితాలో పేరు ఉంటుంది కాని, ఆ మనిషి కథ ఉండదు. జంగం కథలో కథ ఉంటుంది, అందరి పేర్లు ఉండవు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించాలి.

5. ముగింపు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యంలో చేరే యువకులు ఎక్కువ. గ్రామకూడళ్లలో జవాను విగ్రహాలు మనకు కొత్త కాదు. అక్కడి సభల్లో తరచు అతిథుల పరిచయానికి పట్టినంత సమయం మరణించినవాని జీవితానికి దక్కదు. అతడు ఏ బడిలో చదివాడో, ఇంటికి రాసిన ఉత్తరంలో ఏం అడిగాడో ఎవరూ చెప్పరు. తల్లిని వేదిక మీద కూర్చోబెడతారు, మాట్లాడమని అడగరు. మంచి సంస్మరణకు కొలమానం పూలదండల సంఖ్యలో లేదు. సభ ముగిసి ఇంటికి వెళ్లేవారికి ఆ మనిషి కొంతైనా తెలిశాడా అన్నదే కొలమానం.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ‘ఆత్మార్పణ’ అనే పదప్రయోగంపై పై విమర్శను మీరు అంగీకరిస్తారా? కారణాలు రాయండి.
2. మీ ప్రాంతంలోని ఒక స్మారకాన్ని చూసి, అందులో ఎవరి పేర్లు ఉన్నాయో, ఎవరివి లేవో చర్చించండి.